వెనక్కి తిరిగొచ్చే కాంతి శిఖరం: సంబద్ధ వెనుక పరిక్షేపణాన్ని ప్రయోగశాలలో కొలిచే పద్ధతి

దట్టమైన తెల్లటి పొడి మీద లేజర్ కిరణం పడితే, కాంతి లోపల రేణువు నుంచి రేణువుకు ఎన్నోసార్లు దారి మళ్లి చివరికి అన్ని దిక్కులకూ చెదిరి బయటికొస్తుంది. అంత గజిబిజిలోనూ ఒక క్రమం మిగులుతుంది. కిరణం ఎటునుంచి వచ్చిందో సరిగ్గా ఆ దిక్కులో, కొన్ని మిల్లీరేడియన్ల ఇరుకు కోణంలో, వెలుగు చుట్టుపక్కల కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. దీన్నే సంబద్ధ వెనుక పరిక్షేపణ శంకువు అంటారు. 1984లో కుగా, ఇషిమారు ఈ పెరుగుదలను గమనించారు. 1985లో వాన్ ఆల్బాడా, లాగెండైక్ ఒక వైపు, వుల్ఫ్, మారెట్ మరో వైపు దాన్ని స్పష్టంగా కొలిచి కారణం చెప్పారు.

శంకువు కనబడటం కష్టం కాదు. దాని వెడల్పు నుంచి నమ్మదగిన సంఖ్య రాబట్టడమే కష్టం. ఆ సంఖ్య పాడయ్యేది ఎక్కువగా శిఖరం దగ్గర కాదు, అడుగున. శంకువు ఏ నేల మీద, అంటే చుట్టూ ఉన్న ఏ మామూలు వెలుగు మీద, నిలబడిందో ఆ నేల మట్టాన్ని తప్పుగా తీసుకుంటే ఎత్తు, వెడల్పు రెండూ తప్పుతాయి. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలా భాగం ఆ నేల కోసమే.

ముందు కారణం తెలియాలి

ఒక తరంగం మొదటి రేణువును తాకి, మధ్యలో ఎన్నిటినో దాటి, చివరి రేణువు నుంచి బయటపడిందనుకోండి. అదే దారిలో చివరి రేణువు నుంచి మొదటిదానికి ఎదురు నడిచే జంట తరంగం కూడా ఉంటుంది. రెండూ నడిచిన దూరం ఒక్కటే. సరిగ్గా వెనక్కి తిరిగే దిశలో రెండూ ఒకే దశలో కలుస్తాయి కాబట్టి తీవ్రతలు కూడవు, కంపన పరిమితులు కూడతాయి. విడివిడిగా 2 రావాల్సిన చోట 4 వస్తుంది. ఆ దిశ నుంచి కొంచెం జరిగితే దశాభేదం మొదలవుతుంది. మొదటి, చివరి రేణువుల మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఆ భేదం అంత త్వరగా పెరుగుతుంది.

దీన్నుంచి మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. శంకువు కొనను తయారుచేసేది చాలా పొడవైన దారులు. రెక్కలను, అంటే కొనకు ఇరువైపులా నెమ్మదిగా దిగే అంచులను, తయారుచేసేది పొట్టి దారులు. ఒకే ఒక్క రేణువును తాకి వచ్చిన కాంతికి జంట ఉండదు కాబట్టి అది శంకువును పెంచదు, నేలను మాత్రం పైకి లేపుతుంది.

జంట తరంగాల దారి పొడవు సమానం కనుక లేజర్‌కు పెద్ద సంబద్ధ దైర్ఘ్యం (కిరణం పొడవునా దశల పొంతన నిలిచే దూరం) అవసరం లేదు. కావలసింది కిరణం అడ్డకోతలో, ఒక అంచు నుంచి మరో అంచు దాకా, దశ చెదరకుండా ఉండటం.

పరికరాలు కొనకముందు చేయాల్సిన లెక్క

శంకువు వెడల్పు రవాణా స్వేచ్ఛా పథం మీద ఆధారపడుతుంది. కాంతి తన మొదటి దిశను పూర్తిగా మరిచిపోవడానికి పట్టే సగటు దూరం అది. సగం ఎత్తు దగ్గర పూర్తి వెడల్పు, రేడియన్లలో, సుమారుగా ఇంత:

వెడల్పు = 0.11 × తరంగదైర్ఘ్యం ÷ రవాణా పథం

హీలియం-నియాన్ లేజర్ 632.8 నానోమీటర్ల కాంతికి రవాణా పథం 10 మైక్రాన్లైతే వెడల్పు 7 మిల్లీరేడియన్లు, అంటే 0.4 డిగ్రీలు. 100 మైక్రాన్లైతే 0.7 మిల్లీరేడియన్లు. 1 మైక్రాన్ అయితే 70 మిల్లీరేడియన్లు, అంటే 4 డిగ్రీలు. ఈ మూడింటినీ ఒకే లెన్స్‌తో కొలవాలని చూడకండి.

రెక్కలు చాలా నెమ్మదిగా తగ్గుతాయి. మధ్య నుంచి ఐదు వెడల్పుల దూరం వెళ్లినా శంకువు ఎత్తులో ఇంకా 3 శాతం దాకా మిగిలి ఉంటుంది. అందుకే కెమెరా దృశ్య పరిధి మధ్య నుంచి ఒక్కో వైపుకు కనీసం ఐదు వెడల్పులు ఉండాలి, పది ఉంటే మరీ మంచిది. కెమెరా సెన్సర్ 6.4 మిల్లీమీటర్లు, లెన్స్ నాభ్యంతరం 100 మిల్లీమీటర్లైతే ఒక్కో వైపుకు 32 మిల్లీరేడియన్లు దొరుకుతాయి. 2–3 మిల్లీరేడియన్ల శంకువుకు ఇది చాలు. 7 మిల్లీరేడియన్ల శంకువుకు 50 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టుకోవాలి.

కావలసినవి

- ధ్రువణం చెందిన 5 మిల్లీవాట్ల హీలియం-నియాన్ లేజర్
- 10 రెట్ల సూక్ష్మదర్శిని అబ్జెక్టివ్, 25 మైక్రాన్ల పిన్‌హోల్, 200 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల లెన్స్
- 25 మిల్లీమీటర్ల ధ్రువణ రహిత బీమ్ స్ప్లిటర్ క్యూబ్, ప్రతిబింబ నిరోధక పూత ఉన్నది
- రెండు పోలరైజర్లు, 633 నానోమీటర్లకు తయారైన ఒక క్వార్టర్ వేవ్ ప్లేట్
- 12 బిట్ల నలుపు-తెలుపు కెమెరా, 5 మైక్రాన్ల దరిదాపు పిక్సెల్, దానికి 100 లేదా 50 మిల్లీమీటర్ల లెన్స్
- చదునైన అద్దం, 5 ఆర్క్ సెకన్ల లోపు దోషం ఉన్న కార్నర్ క్యూబ్
- ఆప్టికల్ డెన్సిటీ 5 నుంచి 6 దాకా న్యూట్రల్ ఫిల్టర్లు, అంటే కాంతిని లక్షో వంతు నుంచి పది లక్షలో వంతు దాకా తగ్గించేవి
- బీమ్ డంప్, అంటే వృథా కాంతిని మింగేసే అడ్డు. దీని గురించి కింద రెండో అడుగులో చెప్పాలి

5 మిల్లీవాట్ల కిరణం సూటిగా పడితే కంటికి హాని చేస్తుంది. కిరణం బల్లకు సమాంతరంగా, కంటి ఎత్తుకు బాగా కింద ఉండాలి. గడియారం, ఉంగరం తీసేసి పని మొదలుపెట్టండి.

1. కిరణాన్ని శుభ్రపరచి పెద్దది చేయడం

0.8 మిల్లీమీటర్ల లేజర్ కిరణాన్ని 16 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల అబ్జెక్టివ్ 16 మైక్రాన్ల చుక్కగా కుదిస్తుంది. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 25 మైక్రాన్ల పిన్‌హోల్ సరిపోతుంది. ఆ తర్వాత 200 మిల్లీమీటర్ల లెన్స్ దాన్ని 10 మిల్లీమీటర్ల సమాంతర కిరణంగా మారుస్తుంది. ఇంత వెడల్పు కిరణానికి వివర్తనం వల్ల వచ్చే విస్తరణ 0.08 మిల్లీరేడియన్లే. చిన్న కిరణంతో సర్దుకుంటే రెండు నష్టాలు: విస్తరణ పెరిగి కొన మొద్దుబారుతుంది, పొడవైన దారుల రెండు చివరలూ వెలుగులో పడక కొనకు రావలసిన జంటలే తగ్గిపోతాయి.

సమాంతరతను కంటితో తేల్చుకోవద్దు. లెన్స్ ముందు చదునైన అద్దం పెట్టి కాంతిని పిన్‌హోల్ మీదికే తిప్పి పంపండి. పిన్‌హోల్ పలక మీద తిరిగొచ్చిన చుక్క అత్యంత చిన్నదయ్యేదాకా లెన్స్‌ను ముందుకీ వెనక్కీ జరపండి.

2. బీమ్ స్ప్లిటర్, దాని దొంగ ప్రతిబింబాలు

లేజర్ కాంతి క్యూబ్‌లో పరావర్తనం చెంది నమూనా వైపు వెళ్లాలి. నమూనా నుంచి తిరిగొచ్చే కాంతి క్యూబ్ గుండా నేరుగా కెమెరాకు చేరాలి. ఈ అమరికలో లేజర్ కాంతిలో సగం క్యూబ్‌ను దాటి ఎదుటి వైపు వృథాగా పోతుంది. ఆ సగమే ప్రమాదం. అది ఎక్కడైనా తగిలి వెనక్కి చెదిరితే, క్యూబ్ దాన్ని సూటిగా కెమెరా వైపే తిప్పుతుంది. నల్ల కాగితమో నల్ల గుడ్డో అడ్డుపెడితే సరిపోదు, ఎందుకంటే నల్ల గుడ్డ కూడా కాంతిని చెదరగొట్టే యాదృచ్ఛిక మాధ్యమమే. బీమ్ డంప్‌గా ముదురు శోషక గాజు ఫిల్టర్‌ను 45 డిగ్రీల ఏటవాలులో పెట్టి, దాని నుంచి పరావర్తనమైన కాంతిని రెండో శోషక గాజు మీదికి పంపండి. ఫిల్టర్ ఉపరితలం మీద దుమ్ము ఉండకూడదు.

క్యూబ్ ముఖాల నుంచి వచ్చే ప్రతిబింబం ఇంకో సమస్య. పూత ఉన్న ముఖం పావు శాతం కాంతిని వెనక్కి పంపుతుంది, అదీ కొన్ని పిక్సెళ్లలో కూడుకున్న చుక్కగా. నమూనా చెదరగొట్టిన కాంతిలో ఒక పిక్సెల్‌కు చేరే వాటా సుమారు వంద కోట్లలో ఒక వంతు. అంటే దొంగ చుక్క అసలు సంకేతం కన్నా పది లక్షల రెట్లకు పైగా ప్రకాశవంతం. క్యూబ్‌ను 2 డిగ్రీలు తిప్పి బిగిస్తే ఆ చుక్క 70 మిల్లీరేడియన్ల దూరం జరుగుతుంది. 100 మిల్లీమీటర్ల లెన్స్‌తో అది సెన్సర్ బయట పడుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు పరిధి ఒక్కో వైపుకు 64 మిల్లీరేడియన్లు కాబట్టి 3 డిగ్రీలు తిప్పండి.

3. కెమెరాను అనంతానికి ఫోకస్ చేయడం, సున్నా దిశను గుర్తించడం

క్వార్టర్ వేవ్ ప్లేట్ ఇంకా పెట్టొద్దు. లేజర్ ముందు న్యూట్రల్ ఫిల్టర్లు పెట్టి, నమూనా చోట చదునైన అద్దం నిలబెట్టండి. కెమెరా మీద పడే చుక్క అత్యంత చిన్నదయ్యేలా లెన్స్ దూరాన్ని సరిచేయండి. ఇక్కడి నుంచి సెన్సర్ మీద ప్రతి బిందువూ ఒక కోణం: 100 మిల్లీమీటర్ల లెన్స్‌తో 5 మైక్రాన్ల పిక్సెల్ అంటే 0.05 మిల్లీరేడియన్లు. ఈ చుక్క చిత్రాన్ని భద్రపరచండి. మీ పరికరం కోణ విభేదన సామర్థ్యం అదే, చివర్లో ఫిట్ చేసేటప్పుడు కావాలి.

ఇప్పుడు అద్దం తీసి కార్నర్ క్యూబ్ పెట్టండి. అది ఎలా వంగి ఉన్నా కాంతిని వచ్చిన దిశకే తిప్పి పంపుతుంది. 5 ఆర్క్ సెకన్లంటే 0.024 మిల్లీరేడియన్లు, సగం పిక్సెల్ కంటే తక్కువ. ఆ చుక్క తీవ్రతా కేంద్రమే సున్నా కోణం. ఆ పిక్సెల్ నిరూపకాలు రాసిపెట్టుకోండి. ఆ తర్వాత కెమెరాను ముట్టుకోవద్దు.

లెన్స్ వ్యాసం, నమూనా దూరం కూడా ఇప్పుడే సరిచూడాలి. 25 మిల్లీమీటర్ల లెన్స్ నమూనాకు 200 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, 10 మిల్లీమీటర్ల వెలుగు మచ్చ నుంచి వచ్చే కాంతి ఒక్కో వైపు 37 మిల్లీరేడియన్ల దాకానే కోత పడకుండా లోపలికి వస్తుంది. అంతకు మించితే అంచులు చీకటి పడి, లేని శంకువు ఉన్నట్టు కనిపిస్తుంది.

4. హెలిసిటీ మార్గం

ఈ అడుగు వదిలేస్తే రెట్టింపు ఎత్తు ఎప్పటికీ రాదు. క్యూబ్‌కు ముందు మొదటి పోలరైజర్‌ను నిలువుగా గానీ అడ్డంగా గానీ పెట్టండి; ఏటవాలుగా పెడితే క్యూబ్ ధ్రువణాన్ని చెడగొడుతుంది. కెమెరా ముందు రెండో పోలరైజర్‌ను దానికి సమాంతరంగా పెట్టండి. క్యూబ్‌కూ నమూనాకూ మధ్య క్వార్టర్ వేవ్ ప్లేట్‌ను 45 డిగ్రీల్లో పెడితే నమూనా మీద వృత్తీయ ధ్రువణ కాంతి పడుతుంది.

అద్దంలాంటి ఉపరితలం నుంచి తిరిగొచ్చిన కాంతికి హెలిసిటీ, అంటే వృత్తీయ ధ్రువణం తిరిగే వైపు, తిరగబడుతుంది. గోళాకార రేణువుల నుంచి ఒకేసారి పరిక్షేపణ చెంది సూటిగా వెనక్కి వచ్చినదానికీ అంతే. ప్లేట్‌ను మళ్లీ దాటాక ఆ కాంతి లంబ దిశలో ధ్రువణమై రెండో పోలరైజర్ దగ్గర ఆగిపోతుంది. హెలిసిటీ నిలుపుకొని వచ్చిన బహుళ పరిక్షేపణ కాంతి మాత్రమే కెమెరాకు చేరుతుంది. నేలను పైకి లేపే జంటలేని కాంతిని ఇలా ముందే ఏరేస్తాం.

ప్లేట్ కోణాన్ని స్కేలు చూసి పెట్టకండి. నమూనా చోట అద్దం పెట్టి, కెమెరాలో చుక్క అత్యల్పమయ్యేదాకా ప్లేట్‌ను తిప్పండి. వెయ్యో వంతుకు తగ్గితే బాగుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్లేట్ కంటే ముందున్న ఉపరితలాల ప్రతిబింబాలు, అంటే క్యూబ్ ముఖమూ ప్లేట్ ముందు ముఖమూ పంపేవి, ధ్రువణం మారకుండా రెండో పోలరైజర్ గుండా నేరుగా దాటిపోతాయి. అందుకే ప్లేట్‌ను కూడా 2–3 డిగ్రీలు వంచి బిగించాలి.

చంద్రుడి విషయంలోనూ ఇదే పరీక్ష పనికొచ్చింది. పున్నమి దగ్గర చంద్రుడు అనుకున్నదానికంటే ఎక్కువ వెలగడానికి రేణువుల నీడలు కనబడకపోవడమే కారణమా, సంబద్ధ పరిక్షేపణం కూడా ఉందా అన్న ప్రశ్నకు, 1993లో హాప్కే, నెల్సన్, స్మైత్ అపోలో యాత్రలు తెచ్చిన మట్టి మీద వృత్తీయ ధ్రువణ కాంతి వేసి జవాబు వెతికారు.

5. మొదటి నమూనా

0.5 మైక్రాన్ల వ్యాసం గల పాలీస్టైరీన్ గోళాలు, నీటిలో ఘనపరిమాణంలో 10 శాతం, 10 మిల్లీమీటర్ల లోతు గల క్యూవెట్‌లో (చదును ముఖాలున్న చిన్న గాజు పాత్రలో). దీని రవాణా పథం 20–30 మైక్రాన్లు. ద్రవంతో మొదలుపెట్టడానికి కారణం, బ్రౌనియన్ చలనం, అంటే ద్రవంలో గోళాల ఎడతెగని కదలిక, స్పెకిల్‌ను (లేజర్ కాంతిలో కనిపించే వెలుగునీడల మచ్చలను) తనంతట తానే సగటు చేస్తుంది. లోతు రవాణా పథానికి కనీసం 100 రెట్లుండాలి. ఇక్కడ 300కి పైగా ఉంది. పలుచని నమూనాలో పొడవైన దారులు వెనుక వైపు నుంచి జారిపోయి కొన గుండ్రబడుతుంది.

క్యూవెట్‌ను 5 డిగ్రీలు వంచండి. గాజు ప్రతిబింబం 10 డిగ్రీల అవతలికి పోతుంది, శంకువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అది నిజమైన శంకువా కాదా అన్నదానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు: నమూనాను వంచితే కదిలేది ప్రతిబింబం, కదలనిది శంకువు.

ఘన నమూనా అయితే తప్పనిసరిగా మోటారుతో తిప్పాలి. కదలని నమూనా మీద స్పెకిల్ మచ్చల హెచ్చుతగ్గులు సగటు తీవ్రతంత ఉంటాయి, శంకువు వాటిలో మునిగిపోతుంది. 1 శాతం నునుపు కావాలంటే 10,000 స్వతంత్ర స్పెకిల్ చిత్రాలు కలపాలి. సున్నా చుట్టూ సమాన కోణంలో ఉన్న పిక్సెళ్లన్నిటినీ సగటు చేస్తే ఈ భారం బాగా తగ్గుతుంది, కొన దగ్గర మాత్రం తగ్గదు, అక్కడ పిక్సెళ్లే కొన్ని. కిరణం భ్రమణ కేంద్రం మీద పడితే మధ్యభాగం దాదాపు కదలదు, కాబట్టి పక్కకు జరిపి వేయండి.

6. నాలుగు రకాల చిత్రాలు

కెమెరాలో ఆటో గెయిన్, ఆటో ఎక్స్‌పోజర్ ఆపేసి గామాను 1కి పెట్టండి. ఎక్స్‌పోజర్ రెట్టింపు చేస్తే సంఖ్య రెట్టింపవుతోందో లేదో ఒకసారి సరిచూడండి. ఈ అమరికలో 20 నుంచి 100 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్ సరిపోతుంది. గరిష్ఠం సెన్సర్ సామర్థ్యంలో 70 శాతం దాటకూడదు.

మొదటిది చీకటి చిత్రం, లేజర్ మూసి తీసేది. రెండోది దారితప్పిన కాంతి చిత్రం: అదే క్యూవెట్‌లో నల్ల ఇంకు కలిపిన నీళ్లు పోసి, అదే వంపులో తీయాలి. గాజు ముఖాలన్నీ యథాతథంగా ఉండి నమూనా కాంతి ఒక్కటే పోతుంది కనుక, క్యూవెట్ తీసేసి కొలవడం కన్నా ఇది చాలా నిజాయితీగల కొలత. మూడోది నమూనా చిత్రం, కనీసం 1000 ఫ్రేములు. నాలుగోది చదును చిత్రం: అవే గోళాలు 0.5 శాతం గాఢతలో. దాని శంకువు 0.1 మిల్లీరేడియన్ల దరిదాపు, అందులో ఎక్కువ భాగం నాలుగైదు పిక్సెళ్లలోపే ముగుస్తుంది. మిగతా సెన్సర్ అంతా లెన్స్ అంచుల చీకటినీ, దుమ్ము మచ్చలనూ యథాతథంగా చూపిస్తుంది. మధ్య పిక్సెళ్లను పక్కవాటితో పూడ్చి వాడండి.

నమూనా చిత్రం నుంచి రెండో చిత్రాన్ని తీసేయండి. చదును చిత్రంలోంచి కూడా తీసేయండి. ఆపై అలా సరిచేసిన నమూనా చిత్రాన్ని సరిచేసిన చదును చిత్రంతో భాగించండి. రెండో చిత్రంలో చీకటి ఎలాగూ కలిసే ఉంటుంది కాబట్టి, ఎక్స్‌పోజర్ వేరైనప్పుడే చీకటి చిత్రాన్ని విడిగా వాడాలి.

7. ఫిట్ చేయడం

'య' అంటే 6.283 × కోణం × రవాణా పథం ÷ తరంగదైర్ఘ్యం అనుకుందాం. కోణం గాలిలో కొలిచినదైతే తరంగదైర్ఘ్యం కూడా గాలిలోదే వేయాలి. నీటి వక్రీభవన గుణకంతో భాగించకూడదు. 'జ' అంటే రవాణా పథంతో పోల్చి చెప్పిన సరిహద్దు దూరం: లోపల చెదిరే కాంతి సున్నా అవుతుందని ఊహించే హద్దు ఉపరితలానికి ఎంత బయట ఉందో ఆ దూరం. అర్ధ అనంత మాధ్యమానికి (అంటే వెనుక హద్దు లేనంత లోతైనదానికి), శోషణ లేనప్పుడు, శంకువు ఆకారం ఇది; ఇందులో ఘాతీయం(…) అంటే e కి ఆ ఘాతం:

[1 ÷ (1 + య)²] × [1 + (1 − ఘాతీయం(−2 × జ × య)) ÷ య] ÷ (1 + 2 × జ)

దీన్ని ఎత్తు గుణకంతో గుణించి, 1 కలిపి, నేల మట్టంతో గుణించి, మూడో అడుగులో భద్రపరచిన చుక్కతో కన్వల్యూషన్ చేసి (అంటే పరికరం ఎంత మసకబారుస్తుందో అంత మసకబార్చి), కొలతకు సరిపోల్చండి. సరిపోల్చేటప్పుడు నేల మట్టం, ఎత్తు, రవాణా పథం మూడూ మారనివ్వాలి. నేలను చిత్రం అంచు విలువగా ముందే బిగించేస్తే, రెక్కల్లో మిగిలిన శాతాలు నేలలో కలిసిపోయి శంకువు ఇరుకుగా కనిపిస్తుంది, రవాణా పథం పెద్దదిగా వస్తుంది.

అంతకంటే పెద్ద పొరపాటు 'జ' విలువలో జరుగుతుంది. ఉపరితలం దగ్గర లోపలి పరావర్తనం లేకపోతే అది 0.67. నీటి నుంచి గాలిలోకి వచ్చే నమూనాకు లోపలి పరావర్తనం వల్ల సుమారు 1.7. లోపలికి తిరిగి వెళ్లిన కాంతి ఇంకా పొడవైన దారులు నడుస్తుంది కాబట్టి శంకువు ఇరుకవుతుంది: వెడల్పు సూత్రంలో 0.11 కాస్తా 0.075 అవుతుంది. ఇది పట్టించుకోకపోతే రవాణా పథం 40 శాతం ఎక్కువగా వస్తుంది. పైన చెప్పిన గోళాలకు శంకువు దాదాపు 2 మిల్లీరేడియన్లే రావాలి.

ఏమి తప్పవచ్చు, ఎందుకు

ఎత్తు, అంటే ఇక్కడ కొన వెలుగుకూ నేల మట్టానికీ నిష్పత్తి, 2 కంటే ఎక్కువ వస్తే సంతోషపడకండి. సిద్ధాంతం ఒప్పుకునే గరిష్ఠం 2. దొంగ ప్రతిబింబం సున్నా మీద పడిందో, దారితప్పిన కాంతిని ఎక్కువగా తీసేసి నేలను దించేశారో, కెమెరా ఇచ్చే సంఖ్య కాంతికి అనుపాతంలో లేదో చూడండి.

ఎత్తు 1.5 దగ్గరే ఆగిపోతే మొదట ధ్రువణాన్ని అనుమానించండి. ప్లేట్ 45 డిగ్రీల నుంచి తప్పితే ఒకసారి మాత్రమే పరిక్షేపణ చెందిన కాంతి లోపలికి వచ్చేస్తుంది. ధ్రువణం సరిగ్గానే ఉంటే ఫోకస్ చూడండి. జాగ్రత్తగా కట్టిన అమరికలో 1.8 నుంచి 1.9 దాకా సులభంగానే రావాలి.

కొన గుండ్రంగా ఉండి రెక్కలు బాగుంటే పొడవైన దారులు ఎక్కడో తెగుతున్నాయి. కారణం శోషణ కావచ్చు, పలుచని నమూనా కావచ్చు, పరికరం విభేదన చాలకపోవచ్చు. గాఢత తగ్గించి రవాణా పథాన్ని పెంచి చూడండి. శంకువు ఇరుకవుతున్నా గుండ్రదనం మిల్లీరేడియన్లలో అంతే ఉంటే తప్పు పరికరానిది.

శంకువు గుండ్రంగా కాక అండాకారంగా వస్తే, మీరు సరళ ధ్రువణ మార్గంలో ఉన్నట్టు. చిన్న రేణువులకు అక్కడ శంకువు సహజంగానే రెండు దిశల్లో రెండు వెడల్పులతో ఉంటుంది, సమాన కోణాల సగటు అక్కడ చెల్లదు. చిత్రమంతా సమాంతర గీతలు కనిపిస్తే అది సెన్సర్ మీది రక్షణ గాజులో పుట్టిన వ్యతికరణం. కెమెరాను కొంచెం వంచి కొత్తగా ఫోకస్ చేసి, సున్నాను మళ్లీ గుర్తించండి.

మొత్తం అమరికను ఒక్కసారిగా పరీక్షించాలంటే అవే గోళాలను 10, 5, 2.5 శాతం గాఢతల్లో కొలవండి. గాఢత సగమైతే రవాణా పథం రెట్టింపు, శంకువు వెడల్పు సగం కావాలి, ఎత్తు మాత్రం మారకూడదు. 10 శాతం దగ్గర గోళాలు ఒకదాన్నొకటి ప్రభావితం చేయడం వల్ల స్వల్ప తేడా రావచ్చు. గాఢత తగ్గేకొద్దీ ఎత్తు కూడా పడిపోతుంటే ఇరుకైన కొనను మీ పరికరం పట్టుకోలేకపోతోందని అర్థం. ఒకటో అడుగుకు వెళ్లి కిరణం సమాంతరతను, మూడో అడుగుకు వెళ్లి ఫోకస్‌ను మళ్లీ సరిచేసుకోండి.